డాగ్ పార్క్‌లో మా గవ్వ బెంచీ కింద దూరి కూర్చుంటోంది. అలవాటయ్యేదాకా తీసుకెళ్ళాలా, మానెయ్యాలా?

గవ్వ వాళ్ళమ్మ:

నమస్తే అండి. కొంచెం పెద్ద పోస్ట్, ఓపిగ్గా చదవండి.

మా గవ్వకి 2 ఏళ్ళ 4 నెలలు, 17 కిలోలు. ఫలానా జాతి అని చెప్పలేను. తెలుపు మీద గోధుమరంగు చుక్కలు, ఒక చెవి నిలబడుతుంది, రెండోది సగంలో మడతపడుతుంది. 7 నెలల వయసులో దత్తత తెచ్చుకున్నాం. అంతకుముందు దాని బతుకేంటో మాకు తెలీదు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది, వ్యాక్సిన్లన్నీ అయ్యాయి. ఇంట్లో మాత్రం బంగారం.

ఈమధ్య మాకు దగ్గర్లో డాగ్ పార్క్ తెరిచారు. చుట్టూ కంచె, ఒకదాని తర్వాత ఒకటి రెండు గేట్లు, లోపల లీష్, అదే మనం పట్టుకునే తాడు, తీసేసి వదలొచ్చు. ఇన్నాళ్ళూ దీన్ని లీష్ మీదే తిప్పుతున్నానే అని నాకు లోపల ఒక బాధ ఉండేది. ఇక హాయిగా పరిగెడుతుంది, నలుగురు స్నేహితులొస్తారు అని ఎంత సంబరపడ్డానో.

మొదటిసారి గేటు దగ్గరికి రాగానే అది లాగిన లాగుడికి నా భుజం ఊడొచ్చినంత పనైంది. "చూడు ఎంత హుషారో" అంటూ మావారు వీడియో కూడా తీశారు. లోపలికెళ్ళి లీష్ తీశానో లేదో, మూడు కుక్కలు ఒక్కసారిగా వచ్చి చుట్టుముట్టాయి. గవ్వ కొయ్యబారిపోయింది. అవి వాసన చూసి వెళ్ళిపోయాక కంచె వెంబడే ఒక చుట్టు తిరిగొచ్చి, నేను కూర్చున్న బెంచీ కిందకి దూరి, నా మడమలకి ఆనుకుని కూర్చుంది. కొత్త కదా అనుకున్నా. రెండోసారీ అంతే. మూడోసారి ఒక చిన్న కుక్క ఆటకి పిలిస్తే దాని వెనకాల నాలుగడుగులు పరిగెత్తింది. ఆ నాలుగడుగులకే ఇంటికొచ్చి అందరికీ ఫోన్లు చేసి చెప్పాను నేను.

ఐదోసారి, అంటే మొన్న, గొడవైంది. దీనికంటే రెండింతలుండే ఒక కుర్ర కుక్క వచ్చి గవ్వ వీపు మీద గడ్డం ఆనించింది. గవ్వ తల పక్కకి తిప్పేసుకుని మూతి నాక్కుంది. అది కదల్లేదు. ఈసారి ముందుకాలు కూడా ఎత్తి వీపు మీద వేసింది. గవ్వ గిర్రున తిరిగి గాల్లో టక్కున పళ్ళు కొట్టింది. తగల్లేదు, అవతలి కుక్కకి ఒక్క వెంట్రుక ఊడలేదు. కానీ పార్కంతా మావైపే చూసింది. ఆ కుక్క తాలూకు ఆయన వచ్చి, "మీ కుక్కకి సోషలైజేషన్ లేదండీ, రోజూ తీసుకురండి, నాలుగు రోజులు పోతే అదే అలవాటవుతుంది" అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. లీష్ వేసుకుని వచ్చేశాను.

ఇంటికి రాగానే గిన్నెడు నీళ్ళు తాగి పడుకున్నది మర్నాడు పొద్దుటిదాకా లేవలేదు. ఎంత బాగా అలిసిందో అని మావారు మళ్ళీ మురిసిపోయారు. మర్నాడు వాకింగ్‌లో మాత్రం, రోజూ ఎదురొచ్చే కుక్కే, ఏనాడూ పట్టించుకోనిది, దాని మీదకి మొరుగుతూ ఎగబడింది.

ఇంకో సంగతి చెప్పాలి. కింది ఇంటివాళ్ళకి 8 ఏళ్ళ కుక్కుంది. దానితో మాత్రం గవ్వ దొర్లి దొర్లి ఆడుతుంది. కాబట్టి దీనికి కుక్కలంటే పడదు అనడానికి లేదు.

రోజూ తీసుకెళ్తే నిజంగానే అలవాటవుతుందా? మానేస్తే దాని సరదా నేనే చెడగొట్టినట్టవుతుందా? పార్కులో తోక ఊపుతూనే ఉంటుంది, అదొకటి నన్ను తికమక పెడుతోంది.

రెండు తోకలు:

మీ పోస్ట్ చదువుతుంటే మూడేళ్ళ కిందటి నేనే కనిపించానండి. నావి రెండు కుక్కలు. పెద్దవాడు ఏడాదిన్నర వయసులో పార్కుకి రాజు. గేటు తీస్తే బాణం. రెండున్నర దాటాక, ఏ గొడవా జరక్కుండానే, మెల్లగా మారిపోయాడు. కొత్త కుక్క వస్తే ఒళ్ళు బిగబట్టేవాడు, కుర్రకుంక ఎవడైనా మీదపడితే గుర్రుమనేవాడు. నేను ఏం తప్పు చేశానా అని నెలలపాటు బుర్ర బద్దలు కొట్టుకున్నా. తప్పేమీ లేదు, వాడు పెద్దవాడయ్యాడు. కుక్కలకి సుమారు 1 నుంచి 3 ఏళ్ళ మధ్య ఈ పెద్దరికం వస్తుంది. చిన్నప్పుడు ఎవరితోనైనా ఆడిన కుక్కే తర్వాత తనకి నచ్చినవాళ్ళతోనే ఆడతానంటుంది. మనం మాత్రం? బళ్ళో ఉన్నప్పుడు పక్కన ఎవరు కూర్చుంటే వాళ్ళే ప్రాణ స్నేహితులు. ఇప్పుడు లిఫ్ట్‌లో ఎవరైనా పలకరిస్తేనే ఫోన్ తీస్తాం.

మీ గవ్వ వయసు సరిగ్గా అదే. పైగా కింది ఇంటి కుక్కతో దొర్లి ఆడుతోందంటే దానికేం లోటు లేదు, స్నేహితుల్ని ఏరుకునే రకం, అంతే. ప్రతి కుక్కతోనూ కలిసిపోయేవి కొన్ని, పెద్దగా ఆడకపోయినా సర్దుకుపోయేవి కొన్ని, ఏరుకునేవి కొన్ని, అసలు ఇంకో కుక్కే వద్దనేవి కొన్ని. డాగ్ పార్క్ నిజంగా మొదటి రకానికి కట్టింది. రెండో రకం తట్టుకుంటుంది. మూడో రకాన్ని అక్కడికి తీసుకెళ్తే మనకి బెంచీ కింద కనిపిస్తుంది.

ఇక ఆ పెద్దమనిషి అన్న "సోషలైజేషన్" సంగతి. ఈ మాట పార్కుల్లో ఎంత అరిగిపోయిందో! అసలు సోషలైజేషన్ అనేది కూనగా ఉన్నప్పటి పని. 3 వారాల నుంచి సుమారు 14 వారాలదాకా లోకాన్ని చూపించే కిటికీ తెరిచి ఉంటుంది. ఆ వయసులో రకరకాల మనుషులు, చప్పుళ్ళు, నేలలు, కుక్కలు, అన్నీ భయం లేకుండా చూపించాలి. రెండేళ్ళ కుక్కని 10 కుక్కల మధ్యకి నెట్టి రోజూ నిలబెట్టడం సోషలైజేషన్ కాదు. ఈత రానివాణ్ణి రోజూ బావిలో తోస్తే ఈత రావచ్చు, నీళ్ళంటే జన్మంతా వణకనూ వచ్చు. "అలవాటైంది" అనిపించే కుక్కల్లో చాలావాటికి అలవాటై ఉండదు, చెప్పినా ఎవరూ వినట్లేదని చెప్పడం మానేసి ఉంటాయి. అవే ఒకరోజు ఏ హెచ్చరికా లేకుండా కరిచేస్తాయి.

గవ్వ చెప్పింది చూడండి. తల తిప్పేసుకుంది, మూతి నాక్కుంది. "వద్దు బాబూ" అనడం అది. ఆ కుర్ర కుక్క వినలేదు. అప్పుడు గాల్లో పళ్ళు కొట్టింది. కుక్క కరవాలనుకుంటే అంత దగ్గర్లో గురి తప్పదండి. తగలకుండా కొట్టిందంటే తగలకూడదనే కొట్టింది. గొప్ప సంయమనం అది. తల కొట్టేసినట్టు ఎందుకవ్వాలి మీకు?

గేటు దగ్గర లాగడం గురించి కూడా ఒక మాట. నేనూ అలాగే మోసపోయా. బాగా భయపడ్డ కుక్కా లాగుతుంది, బాగా సంతోషపడ్డ కుక్కా లాగుతుంది. ఒంట్లో ఉద్రేకం అంతే, దాని రంగేంటో లాగుడు చెప్పదు. వీడియో ఉందన్నారు కదా, మళ్ళీ చూడండి. నోరు గట్టిగా మూసుకుందా, వదులుగా తెరిచి ఉందా? చెవులు వెనక్కి అంటుకున్నాయా? కళ్ళ పక్కన తెల్లగుడ్డు కనిపిస్తోందా? చప్పుడు తీసేసి చూడండి. మీవారి నవ్వులూ మీ నవ్వులూ వినిపిస్తుంటే కుక్క కూడా నవ్వుతున్నట్టే ఉంటుంది.

మర్నాడు మొరగడం కూడా దీని తాలూకే. ఒక గంట భయం ఆ గంటతో పోదు, ఒకదాని మీద ఒకటి పేరుకుంటుంది. కనీసం ఓ రెండు మూడు రోజులు ఏ హడావుడీ లేకుండా ఉంచండి.

బంతి దొంగ:

నేను కొంచెం ఎదురు మాట్లాడతా, తిట్టుకోకండి. ఈ మధ్య పార్క్ అంటే చాలు అందరూ యుద్ధభూమి అన్నట్టు రాస్తున్నారు. మా వాడికి పార్కే ప్రాణం. 4 ఏళ్ళు నిండాయి, ఇప్పటికీ అంతే. పేరు చూశారుగా, ఎవరి బంతైనా వాడిదే.

అక్కా, మీరు వెళ్ళిన వేళేంటి? సాయంత్రం అందరూ ఆఫీసు నుంచి వచ్చాక అయితే అది పార్క్ కాదు, బస్టాండు. పొద్దున తలుపు తీసీ తీయగానే వెళ్ళి చూడండి. నేను చేసేది ఏంటంటే, ముందు కంచె బయటే ఓ 5 నిమిషాలు నిలబడతా. లోపల ఎవరున్నారు, ఎలా ఆడుతున్నారు, గేటు దగ్గర ఎన్ని కుక్కలు గుమిగూడాయి. గేటు దగ్గర గుంపుంటే వెళ్ళను, అవి కదిలాకే వెళ్తా. కొత్తగా వచ్చినవాణ్ణి గుంపంతా గేటు మూలలో నొక్కెయ్యడం వల్లే సగం గొడవలు మొదలవుతాయి. మీకు మొదటిరోజు జరిగింది అదే. లీష్ రెండు గేట్ల మధ్యే తీసెయ్యాలి. లోపలికెళ్ళాక తీస్తే, చుట్టూ వదిలేసిన కుక్కలు, మధ్యలో కట్టేసిన మన కుక్క. పారిపోవడానికీ లేదు, ఎదురుగా వచ్చేవాడికి సరిగ్గా పక్కనించి వంగి పలకరించడానికీ లేదు.

ఇంకోటి, బెంచీ మీద కూర్చోకండి. కోపం తెచ్చుకోకండి గానీ ఆ బెంచీ అంత చెడ్డ వస్తువు పార్కులో ఇంకోటి లేదు. మనుషులు కూర్చుంటే కుక్కలు అక్కడే కాపలా కాస్తాయి, ఫోన్లు బయటికొస్తాయి. మనం నడుస్తూ ఉంటే కుక్క కూడా మనతో కదులుతూ ఉంటుంది, గొడవ అంటుకోవడానికి ఒక చోటు దొరకదు.

మంచి ఆట ఎలా ఉంటుందో ఒకసారి చూస్తే చెడ్డ ఆట చటుక్కున తెలిసిపోతుంది. మా వాడూ, వాడి దోస్తు ఒక నల్లది ఉంది, ఇద్దరూ ఆడేటప్పుడు చూస్తా. ముందుకాళ్ళు రెండూ నేలకి పరిచి వెనకభాగం పైకెత్తుతాడు. రెండు క్షణాలు. తర్వాత వీడు తరుముతాడు, అది పరిగెడుతుంది. మూల తిరిగేసరికి అది తరుముతుంటుంది, వీడు పరిగెడుతుంటాడు. వీడు బరువెక్కువ, అయినా కావాలని వెల్లకిలా పడి మెడ అందిస్తాడు దానికి. మధ్యలో ఇద్దరూ ఒక్కసారి ఆగి, ఒళ్ళు దులుపుకుని, మళ్ళీ మొదలు. మార్క్ బెకాఫ్ అనే శాస్త్రవేత్త 1995లో ఈ వంగే భంగిమ మీద పరిశోధన ప్రచురించాడు. గట్టిగా కరిచి తల విదిలించే ఆట ముందూ వెనకా ఇవి ఎక్కువగా వంగుతాయట. అంటే "ఇప్పుడు నేను చేసేది ఉత్తుత్తిదే సుమా" అని ఒట్టేసి చెప్పడం. కామా, ఫుల్‌స్టాప్ పెట్టినట్టు పెడతాయి.

ఒక్కడే తరుముతూ, ఒక్కడే పారిపోతూ, ఆగడం లేకుండా సాగితే అది ఆట కాదు. అనుమానమొస్తే తరిమేవాణ్ణి మెడపట్టీ పట్టుకుని ఆపండి. పారిపోయేది తిరిగి వాడి దగ్గరికే వస్తే ఇంకా ఆడాలనుంది. ఇదే సందని జారుకుంటే దానికి చాలు. నన్నడిగితే ఈ ఒక్క పరీక్ష చేయడం వచ్చిన యజమానులనే గేట్లోంచి లోపలికి రానివ్వాలి.

తోక సంగతి అడిగారు. తోక ఊపితే సంతోషం అన్నది చందమామ కథ. 2007లో ఇటలీ పరిశోధకులు 30 కుక్కల మీద చూశారు. యజమాని కనిపిస్తే తోక కుక్కకి కుడివైపు ఎక్కువ ఊగింది, తెలియని దబాయించే కుక్క కనిపిస్తే ఎడమవైపు. అంటే ఊపడం రెండుచోట్లా ఉంది! పార్కులో ఆ కోణాలు కొలవలేం గానీ, నడుము నుంచీ ఒళ్ళంతా ఊగుతోందా, లేక ఒళ్ళు బిగుసుకుని తోక చివర ఒక్కటే టకటకా ఆడుతోందా, అది చూడండి చాలు.

గవ్వ వాళ్ళమ్మ:

రెండు తోకలు గారూ, వీడియో చప్పుడు తీసేసి చూశాను. నోరు గట్టిగా మూసుంది. గేటు తీసేలోపు రెండుసార్లు ఆవలించింది, అదీ కంగారేనట. దానికి నిద్రొస్తోందని వెనక నుంచి నేనే అంటున్నా వీడియోలో. ఏం చెప్పమంటారు.

తమ్ముడూ, నువ్వన్నట్టు తోక చివర ఒక్కటే ఆడుతోంది. వేళ కూడా సాయంత్రమే.

చల్లటి స్టెతస్కోప్:

పశువైద్యశాలలో 11 ఏళ్ళుగా సహాయకురాలిగా ఉన్నాను. పార్క్ నుంచి నేరుగా మా బల్ల మీదకి వచ్చేవాటిని చూస్తాను కాబట్టి నా చూపు కొంచెం వంకరే. అది ముందే ఒప్పుకుంటున్నాను.

గవ్వకి ఒకసారి ఒళ్ళంతా చూపించండి. చెవులు, పళ్ళు, తుంటి, మోకాళ్ళు. వీపు మీద ఎవరైనా ఆనితే ఓర్చుకోలేని కుక్కల్లో కొన్నింటికి అక్కడ నిజంగానే నొప్పి ఉంటుంది. కుక్కలు నొప్పిని దాచుకుంటాయి. కుంటకపోతే నొప్పి లేదనుకుంటాం మనం. స్వభావం మారిందని తీసుకొస్తే చెవిలో చీము కనిపించిన సందర్భాలు నాకు చాలా ఉన్నాయి.

ఈ పోస్ట్ చదివే ఇంకెవరికైనా కూన ఉంటే వాళ్ళ కోసం రాస్తున్నా. కూనల వ్యాక్సిన్ల వరసలో ఆఖరి డోసు 16 వారాలప్పుడో ఆ తర్వాతో పడుతుంది. అది పని మొదలెట్టేలోపు పది కుక్కలు తిరిగే నేల మీద దింపకండి. కూనలకి వాంతులూ రక్తవిరేచనాలూ తెచ్చే పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి, ఒక్కోసారి ఏడాదిదాకా కూడా బతికుంటుంది. కడిగినా పోదు. మరి 14 వారాల కిటికీ ఎలా అంటారా, చంకన వేసుకుని తిప్పండి, వ్యాక్సిన్లు పూర్తయిన తెలిసిన కుక్కల ఇళ్ళకి తీసుకెళ్ళండి. పెద్దవాటికైతే కెన్నెల్ కాఫ్ అనే అంటుదగ్గు, పిడుదులు, పేగుల్లో నట్టలు. నిలవున్న నీటిగుంటలో మూతి పెట్టనివ్వకండి, లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు జంతువుల మూత్రం కలిసిన నీళ్ళలోంచి వస్తుంది, మనుషులకీ అంటుకుంటుంది. పార్కులో అందరూ తాగే గిన్నె కంటే ఇంటి నుంచి తెచ్చుకున్న సీసా నయం.

చిన్న కుక్కల వాళ్ళకి నా దణ్ణం. దయచేసి పెద్దవాటితో కలిపి వదలకండి. పెద్ద కుక్క మంచిదే, ఆటే ఆడుతుంటుంది. చిన్నది కీచుమని అరిచి పరిగెడుతుంది. ఆ అరుపుకీ ఆ పరుగుకీ పెద్దదాని బుర్రలో ఎక్కడో మీట పడుతుంది, అంతవరకు దోస్తుగా కనిపించింది ఒక్క క్షణంలో వేటలా కనిపిస్తుంది. ఒకసారి ఇలాగే 4 కిలోల కుక్కని తువ్వాలులో చుట్టి తెచ్చారు. పైన చూస్తే రెండే రెండు చిల్లులు, కందిగింజంత. "ఏం కాలేదు మేడమ్, చిన్న గాట్లే" అన్నారు. వెంట్రుకలు గొరిగి చూస్తే చర్మం కింద కండ విడిపోయి నా వేలు కదిలేంత ఖాళీ ఏర్పడింది. కుక్కచర్మం వదులుగా ఉంటుంది, కోరపన్ను లోపలికి దిగి విదిలిస్తే చర్మం సాగి ఊరుకుంటుంది, లోపలిది చిరుగుతుంది. అందుకే కుక్క కరిచిన గాటు ఎంత చిన్నదైనా ఆ రోజే చూపించాలి. అది బతికింది లెండి. 3 వారాలు పట్టింది.

కొట్లాటలో చేతులు పెట్టి మెడపట్టీ లాగకండి, కరిపించుకునేది అక్కడే. బకెట్ నీళ్ళు, పెద్ద చప్పుడు, మధ్యలో ఏదైనా అట్టో పలకో అడ్డంపెట్టడం. అవేవీ పనిచేయకపోతే ఇద్దరు మనుషులు చెరో కుక్క వెనకకాళ్ళూ తొడల దగ్గర ఎత్తిపట్టి, వెనక్కి నడుస్తూ విడదీయాలి. మీకు పన్ను తగిలితే సబ్బూ ధారగా నీళ్ళూ పెట్టి 15 నిమిషాలు కడిగి, వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. తెలిసిన కుక్కేగా అని ఊరుకోకండి.

తెల్లమూతి:

అమ్మా, అందరూ కుక్క గురించి చెప్పారు. నేను మన గురించి చెప్తాను.

నా దగ్గర 12 ఏళ్ళ ముసలిది ఉంది. దాన్ని నాలుగేళ్ళపాటు రోజూ పార్కుకి తీసుకెళ్ళాను. అది ఏనాడూ ఆడలేదు. వెళ్ళి మూల చెట్టు కింద కూర్చునేది. దానికి గాలి తగలాలి, దానికి తోడుండాలి అని అందరికీ చెప్పేవాణ్ణి. నిజమేంటంటే తోడు కావలసింది నాకు. ఇంట్లో ఒక్కణ్ణే. అక్కడ నలుగురు మాట్లాడేవాళ్ళున్నారు. కుక్క నాకు టికెట్టు.

ఒకరోజు దానికి కీళ్ళనొప్పులు ఎక్కువై ఇంట్లో వదిలి నేనొక్కణ్ణే వెళ్ళి కంచె బయట నిలబడ్డాను. సిగ్గేసింది గానీ వాళ్ళే పిలిచారు. ఇప్పటికీ రోజూ వెళ్తాను. ముసలిది ఇంట్లో కిటికీ దగ్గర పడుకుంటుంది. నేను తిరిగొచ్చాక నా ప్యాంటంతా వాసన చూస్తుంది, ఎవరెవరొచ్చారో లెక్క తీసుకుంటున్నట్టు.

దాని సరదా చెడగొట్టినట్టవుతుందా అని అడిగావు. అమెరికాలో మొట్టమొదటిదని చెప్పే ఓలోనీ డాగ్ పార్క్ 1979లో బర్క్‌లీలో వచ్చింది. మనిషి పక్కన కుక్క వేల ఏళ్ళుగా ఉంది. అన్ని వేల ఏళ్ళూ కుక్కలు కంచె లోపల ముఖపరిచయం లేని ఇరవైమందితో ఆడలేదమ్మా. దానికి పరుగు కావాలి, వాసనలు కావాలి, నువ్వు కావాలి. పార్క్ అందులో ఒక దారి. లీష్ మీద తిప్పుతున్నానని బాధపడ్డావు చూడు, ఆ లీష్‌నే పొడుగు చెయ్యి. హార్నెస్‌కి, అంటే ఛాతీ చుట్టూ వేసే పట్టీకి, 8, 10 మీటర్ల తాడు కట్టి ఖాళీ మైదానంలో వదిలి, అది ఎటు ముక్కు పెడితే అటు నువ్వు నడువు. మెడపట్టీకి కట్టకు, చివరికంటా పరిగెత్తి ఆగితే మెడ పట్టేస్తుంది.

గవ్వ వాళ్ళమ్మ:

3 వారాల తర్వాత వచ్చి రాస్తున్నా. అడిగిన అందరికీ జవాబు బాకీ ఉన్నాను కదా.

ముందు డాక్టర్‌కి చూపించాం. చెవులూ కీళ్ళూ బాగానే ఉన్నాయి. నొప్పేమీ లేదన్నారు. అంటే గవ్వ అభిప్రాయం పూర్తిగా దాని సొంతమే!

కింది ఇంటి కుక్కతో ఆ ఆపే పరీక్ష చేశాం. అది తరుముతుంటే ఆంటీ దాన్ని పట్టుకున్నారు. గవ్వ పది అడుగులు వెళ్ళి, వెనక్కి చూసి, ఎవరూ రావట్లేదని గ్రహించి, పరిగెత్తుకుంటూ వచ్చి ఆంటీ చేతుల్లో ఉన్నదాని మొహం మీద మొహం పెట్టి, ముందుకాళ్ళు నేలకేసి కొట్టింది. "వదలండి ఆంటీ" అన్నట్టే ఉంది. ఆంటీ నవ్వలేక చచ్చారు. ఇప్పుడు వారానికి మూడుసార్లు వాళ్ళిద్దరికీ ఆట.

పెద్దాయన చెప్పిన పొడుగు తాడు తెచ్చాను. 10 మీటర్లది. మొదటిరోజు మైదానంలో ఒక గడ్డిదుబ్బు దగ్గర 6 నిమిషాలు నిలబడింది. నేను గడియారం చూశాను. ముందు కిందినుంచి వాసన, తర్వాత పక్కనించి, తర్వాత ఒక్కొక్క పోచా పట్టి పట్టి, చివరికి కళ్ళు మూసుకుని. ఇన్నాళ్ళూ నేను "పద పద" అని లాక్కుపోయిన దుబ్బులెన్నో.

పార్కుకి ఒక్కసారే వెళ్ళాం, తమ్ముడు చెప్పినట్టు తెల్లారి, ఎవరూ లేనప్పుడు. లీష్ గేట్ల మధ్యే తీశాను. బెంచీ వైపు చూడలేదు, ఇద్దరం కంచె వెంబడి నడిచాం. 18 నిమిషాలు. గవ్వ మొత్తం కంచెంతా చదివింది, మధ్యలో వెల్లకిలా పడి వీపు గోక్కుంది. ఆ పార్కులో అది వెల్లకిలా పడటం అదే మొదటిసారి. అప్పుడు దూరంగా ఒక కారు ఆగి, అందులోంచి కుక్క దిగింది. మంచిదో చెడ్డదో తెలీదు. గవ్వ లేచి, ఒళ్ళు దులుపుకుని, తిన్నగా గేటు దగ్గరికి వెళ్ళి నిలబడి నావైపు చూసింది. మావారు "ఒక్క నిమిషం చూద్దాం, ఆడుతుందేమో" అన్నారు. నేను గేటు తీసేశాను.

ఆయన ఇంకా కొంచెం నిరాశగానే ఉన్నారు. పార్కులో గవ్వ పరిగెత్తే వీడియో తీసుకోవాలని ఆయనకి మహా కోరిక.

ఒక్క చిన్న సందేహం మిగిలింది. ఈ పొడుగు తాడు అది ఒక్కసారిగా ఉరికినప్పుడు అరచేతిలోంచి జారి చర్మం లేచిపోయింది. మీరంతా ఎలా పట్టుకుంటారు?

రెండు తోకలు:

గ్లోవ్స్ వేసుకోండి, తోటపనివి చాలు. తాడుని చేతికి మాత్రం చుట్టుకోకండి, వేళ్ళు విరుగుతాయి. ప్రతి రెండు మీటర్లకీ ఒక ముడి వేసి ఉంచితే, జారుతుంటే ముడి దగ్గర చేతికి ఆనుతుంది. లేదా నేల మీద ఈడ్చనిచ్చి, ఆపాలనుకున్నప్పుడు కాలితో తొక్కండి. బూట్లు వేసుకుని.

బంతి దొంగ:

వీడియో కావాలంటే బావగారిని కింది ఇంటి ఆట తియ్యమను అక్కా. చప్పుడుతో సహా.